అత్తమ్మ తోటకు తాళం

మా అత్తమ్మ ఎడమచేత్తో అన్నం తినదు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చిన రోజు కంచం ముందు కూర్చోబెట్టి, కొన్నాళ్లు ఎడమచేత్తో తినండి అన్నాను. అనరాని మాటేదో అన్నట్టు చూసింది నన్ను. చెంచా తెచ్చాను. అదీ ఎడమచేత్తోనే కదా పట్టుకోవాలి, కుదరదంది. కుడిచెయ్యి లేచేదాకా కొడుకో కోడలో నోట్లో పెట్టాల్సిందే, లేచాక తన ముద్ద తను కలుపుకుంటుంది, మధ్యలో ఇంకో మాట లేదు. జీవితమంతా పదిమందికి వండి పెట్టిన మనిషి అలా నోరు తెరుచుకుని నా వేళ్ల కోసం ఎదురుచూసేది. రెండు ముద్దలు తిని చాలనేది. ఆకలి లేక కాదు, తినిపించుకోవడం చేతకాక.

మాది గోదావరి వైపు. నాకు ముక్కు మీద కోపం. మా ఆయనది నార్సింగి, పుట్టింది పెరిగింది అక్కడే. ఆఫీసులో పరిచయమై పెళ్లి చేసుకున్నాం. వచ్చిన కొత్తలో నేను మా వైపు అలవాటుగా 'అత్తయ్యగారూ' అంటే ఆవిడ అటూ ఇటూ చూసేది, ఇంకెవరినో పిలుస్తున్నాననుకుని. చివరికి 'అత్తమ్మ' దగ్గర ఇద్దరం రాజీ పడ్డాం. ఒకప్పుడు వాళ్లకు అక్కడే కూరగాయల తోట ఉండేది. దాన్ని బిల్డరుకిచ్చారు, బిల్డరు అపార్టుమెంటు కట్టాడు, వాటాకి వచ్చిన ఫ్లాట్లలో ఒకదాంట్లో మేముంటున్నాం. కింద సెల్లారులో మా కారు పెట్టే చోటే బోరుబావి ఉండేదట. అందుకు ఆవిడ కన్నీళ్లు పెట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. మంచి బేరమే చేశామంటుంది. లిఫ్టు బాగా పనిచేస్తే చాలంటుంది.

ఇంటికొచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి మెత్తటి బంతి ఒకటి ఇచ్చింది. రోజంతా దాన్ని నొక్కుతూ ఉండాలంది. ఈ మొదటి నెలల్లో వేళ్లను ఎంత కదిలిస్తే అంత చలనం తిరిగొస్తుందని, వదిలేస్తే ముడుచుకుపోతాయని, ఆ తర్వాత తిప్పడం చాలా కష్టమని నన్ను వంటింట్లోకి తీసుకెళ్లి మరీ చెప్పింది. అత్తమ్మ ఆ బంతిని మంచం కిందకి దొర్లించేసింది. తను పసిపిల్ల కాదట. నేను తీసి ఇవ్వడం, ఆవిడ మళ్లీ దొర్లించడం. ఇద్దరికీ పంతమే.

ఆ చేతిని లేపింది ఒక కంప్యూటర్ ఆట. ఇది చెబితే మా అమ్మ కూడా నమ్మలేదు. మా ఆయన తనకోసం కొనుక్కున్న ఆట అది. తెర మీద ఒక పొలం ఉంటుంది. దున్నాలి, విత్తనం వెయ్యాలి, నీళ్లు పెట్టాలి, కొయ్యాలి, అమ్మాలి. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే మనిషికి ఆదివారం కూడా కంప్యూటర్ ముందే వ్యవసాయం. ఒక ఆదివారం అత్తమ్మ పక్కన కుర్చీలో కూర్చుని చూస్తోంది. చూసినంతసేపు చూసి ఇక ఆగలేకపోయింది.

"మిట్టమధ్యాహ్నం నీళ్లు పెడ్తరారా ఎవరన్న? ఇటియ్యి," అంది.

మా ఆయన లేచి, మౌసుని ఆవిడ కుడిచేతి కింద పెట్టాడు. ఎడమవైపు పెట్టి ఉంటే కథ అక్కడే అయిపోయేది. ఆ చూపుడువేలు ఒక్క నొక్కు నొక్కడానికి చాలాసేపు పట్టింది. ఆవిడ నుదుటి మీద చెమట. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. టమాట మొక్క మీద నీళ్లు పడ్డాయి. ఆవిడ ఇంకో మొక్కకు జరిగింది.

ఆ తర్వాత ఆవిడను ఆ కుర్చీలోంచి లేపడమే పనైంది. మా ఆయన ఆవిడ పేరున కొత్త పొలం తెరిచి, కంప్యూటర్‌ని ఆవిడ గదిలోకి మార్చేశాడు. ఒకవైపు టమాట, దాని పక్కన మిరప, గట్టు మీద గుమ్మడి. కొత్తిమీర లేదని ఆ ఆట చేసినవాళ్ల మీద ఫిర్యాదు. కొత్తిమీర వెయ్యకుండా తోటేంటని. నొక్కడానికి చూపుడువేలు, విత్తనం మార్చడానికి నడిమివేలు, పట్టుకోవడానికి బొటనవేలు. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి చూసి, నేను చేయించాలనుకున్నది ఇదేనండీ అని నవ్వింది. వానాకాలం పోతుండగా ఒక పొద్దున ఇడ్లీ ముక్కను మూడు వేళ్లతో తుంచి, వణుకుతూ, సగం చట్నీ చీర మీద పోసుకుని, నోట్లో పెట్టుకుంది. మెచ్చుకుంటే ఆగిపోతుందేమోనని నేను ఇంకో ఇడ్లీ వడ్డించాను. మా ఆయన బాల్కనీలోకి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చాడు. దీపావళి నాటికి అన్నం ముద్ద తనే కలుపుకుంటానంది అత్తమ్మ.

దీపావళికి ముందు దసరా ఉంది కదా. వచ్చింది.

దసరాకి పనిముట్లకు పూజ చెయ్యడం వాళ్లింట్లో చిన్న విషయం కాదు. తోట పోయినా కొడవలి, పార, మందు కొట్టే పంపు ఇప్పటికీ అటక మీద ఉన్నాయి. అవి దిగుతాయి, బొట్లు పెట్టించుకుంటాయి, మళ్లీ ఎక్కుతాయి. కారు, స్కూటీ, మిక్సీ కూడా వరసలో ఉంటాయి. మా ఆఫీసుల్లోనూ అంతే, హైటెక్ సిటీలో ఆ వారం ఏ అంతస్తుకి వెళ్లినా మానిటర్ల మీద కుంకుమబొట్లే. ఆ ఏడు అత్తమ్మ తన గదిలో కంప్యూటర్‌కి పూజ చేస్తానంది. ఇప్పుడు తన పనిముట్టు అదే కదా. మనమైతే మానిటర్ మీద చిన్న బొట్టు పెట్టి ఊరుకుంటాం. ఆవిడకు అరకొర పనులు తెలియవు. గిన్నెలో పసుపు పలచగా కలుపుకుని, కుడిచేత్తో, తన కుడిచేత్తో, సీపీయూ పెట్టెకి పైనుంచి కిందిదాకా నాగలికి పూసినట్టు పూసింది. కొబ్బరికాయ మా ఆయన కొట్టాడు. ఆ నీళ్లు కుడి అరచేతిలోకి తీసుకుని చిలకరించింది. ఆ పెట్టెకి పైన గాలి ఆడే జల్లెడ ఉంటుందని ఆవిడకు తెలియదు. నాకు తెలుసు. కానీ నేను జల్లెడను చూడడం లేదు, ఆ నీళ్లు చిలకరిస్తున్న చేతిని చూస్తున్నాను, ఎంత బాగా తిరుగుతోందో అని మురిసిపోతూ. టప్పుమని చప్పుడు, కాలిన వాసన.

కొండాపూర్ నుంచి వచ్చిన రిపేరు అతను పెట్టె విప్పి నవ్వాడు. దసరా మర్నాడు తనకు ఎప్పుడూ బిజీయేనట. మదర్‌బోర్డు మీద పసుపు చారలు. దాన్ని తీసేసి, పాతది మార్పిడిలో తీసుకుని, కొత్తది బిగించాడు. ఫొటోలు, భజన పాటలు అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అత్తమ్మకు అప్పటిదాకా మొహంలో నెత్తురు లేదు, తనే పాడు చేశానని. అన్నీ ఉన్నాయని చెప్పాక కుర్చీ జరుపుకుని తన తోట తెరిచింది.

తోట తెరుచుకోలేదు. బూడిదరంగు డబ్బా ఒకటి వచ్చింది, నాలుగు లైన్ల ఇంగ్లీషుతో.

"గిదేమంటుంది బిడ్డా?" అంది అత్తమ్మ.

ఏదో ఒకటి చెప్పి సర్దేసి ఉండొచ్చు. ఆ డబ్బా చూసి ఒళ్లు మండి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఈ ఆట కొన్నవాళ్ల దగ్గర ఉండాల్సింది, మీ దగ్గరెందుకుంది అని అడుగుతోందత్తమ్మా అన్నాను.

ఆవిడ తెర వైపు తిరిగింది. "మనది గాదంటదా? పైసలిచ్చి కొన్నం గద," అంది.

సంగతేంటో నాకు తెలుసు, ఎందుకంటే నా ఉద్యోగం అదే. ఆటలు కాదు, ఇళ్ల ప్లాన్లు గీసుకునే సాఫ్ట్‌వేర్ మాది. కానీ తాళం అలాంటిదే. కొన్నవాడు ఇంకొకడికి కాపీ చేసి ఇవ్వకుండా ఒక కాపలా పెడతారు. అది కంప్యూటర్‌ని గుర్తుపెట్టుకుంటుంది. ఒకసారి కొంటే ఇన్ని కంప్యూటర్లలోనే అని ఒక హద్దు ఉంటుంది. మేం ఆ ఆటను ముందు మా ఆయన లాప్‌టాప్‌లో వేశాం, అది పాడైతే నా దాంట్లో వేశాం, అదీ మూలపడ్డాక ఇప్పుడు అత్తమ్మ గదిలో ఉన్నదాంట్లో వేశాం. ఇప్పుడు మదర్‌బోర్డు మారింది కాబట్టి, దాని దృష్టిలో ఇది ఇంకెవరిదో కొత్త కంప్యూటర్. హద్దు దాటేశాం. తోట ఏమో వాళ్ల సర్వర్లో ఉంది. అక్కడి నుంచి సరే అనే జవాబు వస్తేనే గేటు తెరుచుకుంటుంది.

మా ఆయన కంగారుపడి రెండు దారులు చెప్పాడు. మళ్లీ కొందాం, లేదా తాళం తీసేసిన దొంగ కాపీ ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, అది వేద్దాం. రెండింట్లోనూ తోట మొదటి నుంచి మొదలుపెట్టాలి. అత్తమ్మ రెండూ వద్దంది. ఒకసారి కొన్నదాన్ని మళ్లీ కొనేంత పిచ్చిది కాదట. రెండోదానికైతే కోపమే వచ్చింది. "దొంగది నాకొద్దు. నాది నాకియ్యమను," అంది.

ఆ మాటలో ఆవిడ అంతా ఉంది. అపార్టుమెంటు కట్టిన కొత్తలో ఒకసారి గేటు కార్డు పనిచెయ్యకపోతే కొత్త వాచ్‌మన్ ఆవిడను ఆపి, ఏ ఫ్లాటుకి వచ్చారమ్మా, వాళ్లకు ఫోన్ చేసి అడగాలి అన్నాడట. ఒకప్పుడు తన టమాటలు పండిన చోట నిలబడి, లోపలివాళ్ల అనుమతి కోసం ఎండలో ఎదురుచూసింది. పక్క గేటు తెరిచే ఉంది, దాంట్లోంచి రావచ్చు కదా అని నేనంటే, "నా ఇంట్లకు నేను పక్కకెల్లి ఎందుకొస్త?" అంది. మనిషి అలాంటిది. నాకు విసుగొచ్చింది, గౌరవమూ కలిగింది. ఆ రెండూ ఎప్పుడూ కలిసే వస్తాయి ఆవిడతో.

సరే, ఆట కంపెనీ వాళ్లకు రాశాం. మెయిల్ మా ఆయన పేరు మీదే ఉంది కాబట్టి ఆయనే రాశాడు. వెంటనే జవాబు వచ్చింది. మీ ఓపికకు ధన్యవాదాలు, మీ ఫిర్యాదు అందింది, మీ అనుభవం మాకు ముఖ్యం. ఆ వాక్యాలు మా ఆఫీసులో నేను రోజూ పంపేవే, ఇంచుమించు మాట మారకుండా. అవి మనుషులు రాసేవి కావు, బటన్ నొక్కితే వెళ్లేవి.

అప్పటి నుంచి నాకు నిలకడ లేదు. పొద్దున లేస్తూనే, ఏమైనా వచ్చిందా? క్యాబ్‌లో ఫోన్ తీసి, ఏమైనా వచ్చిందా? బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర కార్లన్నీ ఆగిపోతే, నా లోపల కూడా ఏదో అలాగే ఆగిపోయి హారన్ కొట్టేది. ఆఫీసులో సీట్లో కూర్చోలేక కాలు కాలిన పిల్లిలా ఫ్లోరంతా తిరిగేదాన్ని. టీ తాగడం, సగంలో వదిలేయడం. ఇంటికొస్తే అత్తమ్మ కంప్యూటర్ ముందే కూర్చుని ఉండేది. ఆ డబ్బాని చూస్తూ, కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే తలెత్తి చూసేది. లేదని తల ఊపేదాన్ని.

వేరే ఆటలు పెట్టి చూశాం. పేకముక్కలు, బుడగలు పేల్చడం, చేపలు పట్టడం. ఒకసారి నొక్కి, తన తోట కాదు కదా అని వదిలేసింది. బంతిని మళ్లీ మంచం కింద నుంచి తీశాను. మళ్లీ దొర్లింది. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చినప్పుడు చేతిని పట్టుకుని కదిలించేది, ఆ అమ్మాయి వెళ్లగానే ఆ చెయ్యి ఒళ్లోకి వచ్చి పడేది.

ఒక రోజు మా టీమ్ లీడ్‌తో భోజనాల దగ్గర ఈ గోడు వెళ్లబోసుకున్నాను. నాకంటే చిన్నవాడే, తెలివైనవాడు, తాళాల గురించి అతనికి తెలియనిది లేదు. విని జాలిపడ్డాడు. ఆ ఆట తన దగ్గరా ఉందన్నాడు.

"మీదీ ఇలా లాక్ అయ్యిందా?" అన్నాను ఆశగా.

"నాదెందుకవుతుందండీ, నాది క్రాక్డ్ కాపీ కదా," అన్నాడు. పెరుగన్నం కలుపుకుంటూ, ఏ మొహమాటమూ లేకుండా.

నాకు చిర్రెత్తుకొచ్చింది. అయితే మనం పొద్దస్తమానం ఇక్కడ కూర్చుని ఎవరి మొహాన తాళం వేస్తున్నట్టు, కొనకుండా తీసుకున్నవాడు హాయిగా దున్నుకుంటుంటే కొన్న మా అత్తమ్మ గేటు బయట నిలబడింది కదా అని అడిగేశాను. పక్క టేబుల్ వాళ్లు తిరిగి చూశారు. అతను నవ్వి, నింపాదిగా చెప్పాడు. తాళం లేకపోతే మొదటి వారమే ఊరంతా కాపీలు పంచుకుంటారు. తాళం విరగ్గొట్టడానికి పట్టే ఆ నాలుగు వారాల్లోనే అమ్మకాలన్నీ జరుగుతాయి. ఒక్క తాళంచెవితో ఎంతమంది పని కానిచ్చేస్తారో మీకు తెలుసు కదా, మన జీతాలు ఆ తాళంలోంచే వస్తున్నాయి అని గుర్తుచేశాడు. అది అబద్ధం కాదు. మా సాఫ్ట్‌వేర్‌ని ఒకటి కొని పది ఆఫీసుల్లో వాడుకున్నవాళ్లను నేనే పట్టుకున్నాను. కానీ ఆ నాలుగు వారాలూ అయిపోయాక ఆ తాళం ఎవరి కోసం ఉన్నట్టు? పెరుగన్నం తిని ఎవరి సీట్లకు వాళ్లం వెళ్లిపోయాం.

ఆ మధ్యాహ్నమే నా వరసలో చందానగర్‌లో ప్లాన్లు గీసే ఒకాయన ఫిర్యాదు ఉంది. హార్డ్‌డిస్క్ పోయి కొత్తది వేస్తే మా సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం లేదట. మూడోసారి రాస్తున్నాడు. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. కస్టమర్ చివరిసారి ఎప్పుడు రాశాడో దాన్ని బట్టి ఫిర్యాదుల వరస నడుస్తుంది. ఏమైందండీ అని మళ్లీ రాశాడంటే అది కొత్తదైపోయి తోకకి వెళ్లిపోతుంది. ఓపిక పట్టినవాడు ముందుకొస్తాడు, తొందరపడినవాడు వెనక్కి పోతాడు. ఈ సంగతి లోపల కూర్చున్న మాకే తెలుసు. ఆ రోజు నేను వరస తప్పించి ఆయనకు ఫోన్ చేసి, తాళం తీసేశాను. నిజంగా మనిషేనా మాట్లాడేది అని అడిగాడు.

ఈ పద్ధతి తెలుసు కాబట్టే, ఆట కంపెనీకి మళ్లీ రాయొద్దని మా ఆయనకు మొదట్లోనే చెప్పి ఉంచాను. అక్కడా ఇలాగే ఉంటుందని నా అనుమానం. నేను కూడా వేళ్లు నలుపుకుంటూ ఊరుకున్నాను. దీపావళి వచ్చింది. అత్తమ్మ ముద్ద కలుపుకుంటానన్న దీపావళి. ఆ రోజు పూర్ణం బూరె నేనే తుంచి నోట్లో పెట్టాను. తలుపు వైపు చూస్తూ నమిలింది. వేళ్లు లోపలికి తిరుగుతున్నట్టు అప్పుడే గమనించాను. ఫిజియోథెరపీ అమ్మాయిని అడిగితే, తనూ అదే చూస్తున్నానంది.

ఇక ఉండబట్టలేక, మా ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఆయన మెయిల్ తెరిచాను. ఆట కంపెనీకి ఆయన ఆపకుండా రాస్తూనే ఉన్నాడు. రోజుకొకటి. డియర్ టీమ్, కైండ్లీ అప్‌డేట్. డియర్ టీమ్, మా అమ్మ ఎదురుచూస్తోంది. డియర్ టీమ్, ప్లీజ్. ప్రతిదాని కిందా, మీ ఓపికకు ధన్యవాదాలు. మనిషి బాత్రూములోంచి రాగానే విరుచుకుపడ్డాను. చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా, నువ్వు రాసినప్పుడల్లా మనల్ని నువ్వే వెనక్కి తోస్తున్నావు కదా అని. టవల్‌తో అలాగే నిలబడిపోయాడు.

"ఊకె కూసోలేకపోయిన," అన్నాడు. "అమ్మను జూస్కుంట ఎట్ల కూసోవాలె జెప్పు."

నేను మాత్రం ఏం నిమ్మళంగా కూర్చున్నాను? ఆయన వేళ్లు మెయిల్ మీద ఆడాయి, నా కాళ్లు ఫ్లోరు మీద ఆడాయి, ఆడాల్సిన వేళ్లేమో ఒళ్లో పడి ఉన్నాయి. ఆ రోజే మెయిల్ పాస్‌వర్డ్ మార్చి నా దగ్గర పెట్టుకున్నాను. ఎవరమూ రాయలేదు. కార్తీకమాసం సగమయ్యాక ఒక మనిషి రాసిన జవాబు వచ్చింది.

కొన్నప్పటి రసీదు పంపాలట. దాంతోపాటు, పాడైందంటున్న మదర్‌బోర్డు ఫొటో, దాని మీద నంబరు కనపడేలా.

మదర్‌బోర్డు ఎక్కడుంది? కొండాపూర్ అతను మార్పిడిలో తీసుకెళ్లాడు. సెలవు పెట్టి వెళ్లాను. దుకాణం వెనక గదిలో ఒక మూలకి చూపించాడు. బోర్డుల గుట్ట. దసరా సరుకంతా అక్కడే ఉందన్నాడు. కింద చతికిలపడి ఒక్కొక్కటే తీశాను. దేనికి చూసినా పసుపే. ఒకదానికి కుంకుమ, ఒకదానికి అక్షింత గింజ అంటుకుని ఉంది. ఎంతమంది అత్తమ్మలో. మాదేది అని అతన్ని అడిగితే, ఏదైతే ఏముంది మేడం, అన్నీ కాలినవే అన్నాడు. చీర కుచ్చిళ్లు నల్లగా అయిపోయాయి, నడుం పట్టేసింది. చివరికి మా దానిలాగే ఉన్న ఒకదాన్ని, కొబ్బరినీళ్ల జిగురున్నదాన్ని తీసి ఫొటో కొట్టి పంపాను. అది మాదో కాదో ఈ రోజుకీ నాకు తెలియదు.

మర్నాడే తాళం తీశారు. ఎవరిదో నంబరు చూసి నమ్మారు. నిజం చెప్పినన్నాళ్లూ నమ్మలేదు. మా వస్తువు మాదేనని చెప్పుకోవడానికి నేను వేరేవాళ్ల కాలిన బోర్డు చూపించాల్సి వచ్చింది. ఈ సంగతి అత్తమ్మకు చెప్పలేదు, ఆ పక్కగేటులోంచి వచ్చామని తెలిస్తే ఒప్పుకోదు. వాళ్లే ఇచ్చేశారన్నాను.

ఆ శనివారం పొద్దున ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టాం. తల దువ్వించుకుని, ఊరికి పోతున్నట్టు మంచి చీర కట్టించుకుంది. మా ఆయన తోట తెరిచాడు. తెరుచుకుంది. టమాటలు ఎర్రగా, మిరప నిలువెత్తు, గట్టు మీద గుమ్మడికాయలు. దసరా ముందు వదిలేసిన చోటే, వదిలేసినట్టే. అత్తమ్మ ముందుకు వంగింది. అంతా ఎండిపోయి ఉంటుందని అనుకుందట ఇన్నాళ్లూ. మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు. కళ్లు తుడుచుకుంది, ఎడమచేత్తో.

"ఎండలే," అంది. "నీళ్లెవరు పెట్టిన్రు బిడ్డా?"

ఎవరూ పెట్టలేదత్తమ్మా అన్నాను. మనం తెరవకపోతే అక్కడ రోజులు గడవవు, ఎక్కడిదక్కడ ఆగిపోతుంది, మళ్లీ తెరిచినప్పుడే మొదలవుతుంది అని చెప్పాను. శ్రద్ధగా విన్నది. సంతోషంగా తల ఊపింది. అప్పుడు కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి మౌసు మీద పెట్టుకుంది. చెయ్యి మౌసుని పట్టుకోలేదు. వేళ్లు అరచేతిలోకి మడుచుకుని పిడికిలిలా కూర్చున్నాయి. చూపుడువేలిని ఎడమచేత్తో లాగి తిన్నగా చేసింది, వదలగానే మళ్లీ ముడుచుకుంది. ఇంకోసారి లాగింది. నుదుటి మీద చెమట పట్టింది. మా ఆయన కిటికీ వైపు తిరిగాడు. ఈ ఇంట్లో ఎవరూ తప్పు చెయ్యలేదు, అయినా శిక్ష మాకే పడిందని నాకు అరవాలనిపించింది. అరవడానికి ఎదురుగా ఎవరూ లేరు, టమాటలు తప్ప.

అత్తమ్మ ఆ పిడికిలిని చూసింది, తెరను చూసింది, నన్ను చూసింది.

"గీ చేతిని గూడ గట్లనే ఆపి పెట్టుమని రాయకపోయినవా," అంది.

నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను. పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆ వేలిని తిన్నగా తీసి, దాని మీద నా వేలు పెట్టి నొక్కాను. మొదటి మొక్క మీద నీళ్లు పడ్డాయి. తర్వాతిది ఆవిడ కళ్లతో చూపించింది, నేను నొక్కాను. అలా ఆ సాలు పూర్తయ్యేసరికి భోజనాల వేళైంది. కంచం తెచ్చి పప్పన్నం కలిపాను, అత్తమ్మ నోరు తెరిచింది.